గ్రిండెల్వాల్డ్, వెంగెన్, మ్యూరెన్: స్కీయింగ్ రాని కుటుంబానికి ఏ ఊరు అనుకూలం?

బెళ్ళందూరు వాసి

అందరికీ నమస్కారం. వచ్చే జనవరిలో స్విట్జర్లాండ్‌లోని యుంగ్‌ఫ్రావ్ ప్రాంతంలో ఒక వారం గడపాలని మా ఇంట్లో నిర్ణయించుకున్నాము. నేను, నా భార్య, పదకొండేళ్ళ అమ్మాయి, ఆరేళ్ళ అబ్బాయి, అరవై ఎనిమిదేళ్ళ మా అమ్మ బయలుదేరుతున్నాము. మాలో ఎవరూ ఇంతవరకు స్కీల మీద నిలబడి ఎరగరు. పిల్లలు మాత్రం మా అపార్ట్‌మెంట్ ఆవరణలో రోలర్ స్కేటింగ్ నేర్చుకుంటున్నారు. అమ్మకు మోకాళ్ళ నొప్పులున్నాయి, రక్తపోటుకు మాత్రలు వేసుకుంటుంది, పూర్తి శాకాహారి. ఆవిడ స్కీయింగ్ చేయదు గాని, మంచు కొండలను కళ్ళారా చూడాలన్న కోరిక ఆవిడకు ఎప్పటి నుంచో ఉంది.

పక్కపక్కనే ఉన్న మూడు ఊళ్ళలో దేన్ని ఎంచుకోవాలో తేల్చుకోలేకపోతున్నాము. ట్రావెల్ ఏజెంటు గ్రిండెల్వాల్డ్ పెద్ద ఊరు, అక్కడే దిగండి అంటున్నారు. ఆఫీసులో ఒక మిత్రుడు మ్యూరెన్‌ను మించిన అందమైన ఊరు లేదంటున్నారు. వెంగెన్ గురించి ఎవరూ గట్టిగా చెప్పడం లేదు. పటంలో చూస్తే మూడింటికీ కలిపి లిఫ్టులు ఎక్కడానికి ఒకే స్కీ పాసు, 200 కిలోమీటర్లకు పైగా స్కీ మార్గాలు కనిపిస్తున్నాయి. పాసు ఒకటే అయినప్పుడు ఏ ఊళ్ళో దిగినా ఒకటేనా, లేక మా వంటి వారికి నిజంగా తేడా ఉంటుందా అన్నది నా ప్రశ్న.

కొండదారి

బెళ్ళందూరు వాసి గారూ, తేడా చాలా ఉంటుంది. ఉద్యోగరీత్యా బెర్న్ నగరంలో కొన్నేళ్ళు ఉండి ఇప్పుడు వైట్‌ఫీల్డ్‌లో స్థిరపడ్డవాణ్ణి కనుక ఆ మూడు ఊళ్ళనూ శీతకాలంలో బాగా ఎరుగుదును.

మొదట ఆ 200 కిలోమీటర్ల లెక్కను పక్కన పెట్టండి. కొత్తగా నేర్చుకునే మనిషి మొదటి మూడు నాలుగు రోజులు గడిపేది మన అపార్ట్‌మెంట్ బ్లాకు పొడవు కూడా ఉండని ఒక చిన్న వాలు మీద. అక్కడ మ్యాజిక్ కార్పెట్ అనే కదిలే పట్టీ మీద నిలబడి పైకి వెళ్ళడం, స్కీల ముందు కొనలను దగ్గరగా, వెనుక కొనలను దూరంగా పెట్టి మెల్లగా జారుతూ ఆగడం, మళ్ళీ పట్టీ ఎక్కడం, అంతే. కాబట్టి మీరు అడగవలసిన ప్రశ్నలు రెండు: ఆ వాలు మీ మంచానికి ఎంత దూరంలో ఉంది, స్కీయింగ్ చేయని మీ అమ్మగారు ఆ సమయంలో ఎక్కడ కూర్చుంటారు.

ఈ రెండింటికీ కలిపి మంచి జవాబు చెప్పే ఊరు వెంగెన్. సముద్ర మట్టానికి 1,274 మీటర్ల ఎత్తున, లోయ అంచు మీద ఉంటుంది. కార్లు రావు, లోయలో ఉన్న లౌటర్‌బ్రునెన్ ఊరి నుంచి పళ్ళ చక్రాల రైలులో సుమారు పావుగంట. పిల్లలు నేర్చుకునే వాలు ఊరి నడిబొడ్డున, స్టేషన్ నుంచి నడిచి వెళ్ళేంత దగ్గరలో ఉంది. మీ అమ్మగారు దుప్పటి కప్పుకుని అంచున నిలబడితే మనవడు ఎన్నిసార్లు పడ్డాడో, ఎన్నిసార్లు లేచాడో కళ్ళ ముందే చూడవచ్చు, చలి వేస్తే నాలుగడుగులు వేసి గదికి వెళ్ళిపోవచ్చు. ఆరేళ్ళ పిల్లవాడికి స్కీ బూట్లతో పది నిమిషాలు నడవడమే పెద్ద పరీక్ష. అది తప్పించగలిగితే సగం సెలవు దక్కినట్టే.

ఇంకొక సౌకర్యం రైలే. పిల్లలకు ధైర్యం వచ్చాక పైన 2,061 మీటర్ల ఎత్తున ఉన్న క్లైన్ షైడెగ్‌కు రైలులో వెళ్ళవచ్చు, అలసిపోతే అదే రైలులో దిగిరావచ్చు. కిందికి జారుకుంటూనే రావాలన్న నిర్బంధం ఎవరికీ ఉండదు. మీ అమ్మగారు కూడా మధ్యాహ్నం అదే రైలు ఎక్కి, ఐగర్ పర్వతం ఎదురుగా కనబడే చోట మీతో కలిసి భోజనం చేయవచ్చు.

పెన్నాతీరం

కొండదారి గారి మాటలో నిజం ఉంది గాని, గ్రిండెల్వాల్డ్‌ను అంత తేలికగా పక్కన పెట్టడం న్యాయం కాదని నా అభిప్రాయం. మా కుటుంబం అక్కడ అపార్ట్‌మెంట్ తీసుకుని ఉంది, మాతో మా అత్తగారు కూడా వచ్చారు.

పెద్ద ఊరు అయినందువల్ల స్కీయింగ్ చేయని మనిషికి అక్కడ తోచకపోవడం అంటూ ఉండదు. దుకాణాలు, కాఫీ హోటళ్ళు, బస్సులు ఉన్నాయి. ఫస్ట్ అనే కొండ మీదికి గొండోలాలో, అంటే తీగ మీద నడిచే చిన్న పెట్టెలలో, వెళితే 2,168 మీటర్ల దగ్గర కొండ చరియను పట్టుకుని కట్టిన నడక వంతెన ఉంది. 2020 డిసెంబరులో ప్రారంభమైన ఐగర్ ఎక్స్‌ప్రెస్ కేబుల్ కారు పావుగంటలో ఐగర్ హిమానీనదం స్టేషన్‌కు చేరుస్తుంది. దాని కింది స్టేషన్ దగ్గరే రైలు ఆగుతుంది కనుక మెట్లు ఎక్కే పని తక్కువ. మోకాళ్ళ నొప్పులున్న మా అత్తగారు ఏ ఇబ్బందీ లేకుండా కూర్చుని వెళ్ళి కూర్చుని వచ్చారు.

కొత్తవారికి బోడ్మి అనే వాలు ఉంది. అది ఎండ తగిలే వైపున ఉండడం వల్ల ఉదయం చలిలో పిల్లలు బిగుసుకుపోరు. స్లెడ్జి బండ్ల మీద జారే దారులు కూడా అక్కడ ఎక్కువ. ఫౌల్‌హార్న్ శిఖరం నుంచి ఊళ్ళోకి వచ్చే 15 కిలోమీటర్ల దారి చాలా ప్రసిద్ధి, అయితే దాని మొదలు చేరాలంటే ఫస్ట్ నుంచి రెండు గంటలకు పైగా మంచులో పైకి నడవాలి కనుక అది మీ పిల్లలకు కాదు. ఆల్పిగ్లెన్ నుంచి దిగేది వారికి సరిపోతుంది. స్కీయింగ్ రెండో రోజుకే విసుగనిపించిన పిల్లవాడికి స్లెడ్జి బండి ఎంత ఆదుకుంటుందో తల్లిదండ్రులకు అక్కడికి వెళ్ళాకే తెలుస్తుంది.

కొండదారి

పెన్నాతీరం గారూ, మీరు చెప్పినవన్నీ ఒప్పుకుంటాను. బోడ్మి మంచి వాలు. అయితే అది ఊరికి పైన ఉంటుంది, చాలా బసల నుంచి బస్సు పట్టుకోవాలి. ఊరు కొండవాలు పొడుగునా పరుచుకుని ఉన్నందువల్ల బస సరిగ్గా ఎంచుకోకపోతే రోజూ ఉదయం రెండు జతల పిల్లల స్కీలు, పెద్దవాళ్ళ స్కీలు, చేతి తొడుగులు పారేసుకున్న పిల్లవాడు, వీటన్నిటితో బస్సు కోసం నిలబడాలి. గ్రిండెల్వాల్డ్‌లో బస అంటే ఊరి పేరు కాకుండా వీధి చూసి ఎంచుకోవాలి.

ఇంకొక విషయం మన బెంగళూరు వాళ్ళకు ఆశ్చర్యం కలిగించవచ్చు. బెంగళూరు ఎత్తు సుమారు 920 మీటర్లు. గ్రిండెల్వాల్డ్ 1,034 మీటర్లు. మూడు ఊళ్ళలో కిందన ఉన్నది అదే కనుక, వెచ్చటి గాలులు వీచిన వారంలో ఊళ్ళో మంచు కరిగి పచ్చిక కనబడే అవకాశం అక్కడే ఎక్కువ. పైన స్కీ మార్గాలకు కృత్రిమ మంచు వేస్తారు, కాబట్టి స్కీయింగ్ ఆగదు. కాని మీ అమ్మగారు కిటికీ తెరిచి చూడాలనుకునేది ఊళ్ళో మంచునే కదా.

హిమరేఖ

ఆ వాదన ప్రకారమైతే మ్యూరెన్ ముందు నిలవాలి. అది 1,650 మీటర్ల దగ్గర ఉంది, ఊళ్ళో మంచు నిలవడం మిగిలిన రెండింటికంటే ఎక్కువ ఖాయం. నేను మల్లేశ్వరంలో ఉంటాను, నాకు స్కీయింగ్ రాదు, నేర్చుకోవాలన్న కోరిక కూడా లేదు. మా వారూ పిల్లలూ వాలుల మీద ఉంటే నేను పగలంతా ఊళ్ళోనే గడిపాను, కనుక స్కీయింగ్ చేయని మనిషి తరఫున మాట్లాడే హక్కు నాకుందని అనుకుంటున్నాను.

మ్యూరెన్ తూర్పు ముఖంగా ఉన్న అంచు మీద ఉంది. ఎదురుగా ఐగర్, మోంక్, యుంగ్‌ఫ్రావ్ మూడూ ఏ అడ్డూ లేకుండా నిలబడి ఉంటాయి.  ఊరి నుంచి వింటరెగ్ మీదుగా గ్రూచాల్ప్ దాకా రైలు పట్టాల పక్కన శీతకాలంలో కూడా నడవడానికి వీలుగా మంచును చదును చేసి ఉంచుతారు. పెద్ద ఎత్తుపల్లాలు లేని దారి, మధ్యలో అలసట వస్తే రైలు ఎక్కి వెనక్కి రావచ్చు. పెద్దవాళ్ళకు ఇంతకంటే ఏం కావాలి? కార్లు లేవు, హారన్ లేదు. బెళ్ళందూరు నుంచి వెళ్ళేవారికి ఆ నిశ్శబ్దం కూడా సెలవులో భాగమే.

స్కీయింగ్ చరిత్రలోనూ ఆ ఊరికి స్థానం ఉంది. మలుపుల మధ్య జెండాలు పాతి పరుగు పెట్టే నేటి స్లాలం పోటీని మొదటిసారి 1922లో ఆర్నాల్డ్ లన్ అనే ఆంగ్లేయుడు అక్కడే నిర్వహించాడు.

కొండదారి

హిమరేఖ గారు ఊరి గురించి చెప్పినదానిలో ఒక్క మాట కూడా కాదనలేను. అమ్మగారి రోజు ఒక్కటే లెక్కలోకి తీసుకుంటే మ్యూరెనే. కాని బెళ్ళందూరు వాసి గారి ఇంట్లో నలుగురు కొత్తగా స్కీయింగ్ నేర్చుకోబోతున్నారు. స్విట్జర్లాండ్‌లో స్కీ మార్గాలను తేలిక నుంచి కష్టానికి నీలం, ఎరుపు, నలుపు రంగులతో గుర్తిస్తారు. మ్యూరెన్ వైపు కొండలు నిటారుగా ఉంటాయి, నీలం మార్గాలు తక్కువ. కొత్తవారికి చిన్న వాలు ఉంది, ఆల్‌మెండ్‌హూబెల్ కొండ దాకా తాడుతో లాగే ఫ్యునిక్యులర్ రైలు ఉంది, కాని ఆ చిన్న వాలు దాటాక తర్వాతి మెట్టు ఒక్కసారిగా ఎత్తుగా ఉంటుంది.

నేర్చుకునే వారికి అసలు కావలసింది ఆ రెండో మెట్టే. మూడో రోజు ఉదయం పిల్లలకు ఆగడం, తిరగడం వచ్చేస్తుంది, చిన్న వాలు మీద విసుగు మొదలవుతుంది. అప్పుడు వెంగెన్‌లో ఊరి మధ్య నుంచే కేబుల్ కారు ఎక్కితే కొద్ది నిమిషాలలో మెన్లిహెన్ కొండ పైన దిగుతారు. అక్కడి నుంచి గ్రిండెల్వాల్డ్ వైపు వెడల్పాటి, వాలు తక్కువగా ఉన్న నీలం మార్గాలున్నాయి. భయపడే పెద్దవాళ్ళు వాలుకు అడ్డంగా దీర్ఘంగా తిరుగుతూ దిగడానికి కావలసినంత చోటు ఉంటుంది. గ్రిండెల్వాల్డ్ నుంచి కూడా అక్కడికి గొండోలా ఉంది, దానికి 20 నిమిషాలు పట్టదు. అందుకే ఈ విషయంలో వెంగెన్, గ్రిండెల్వాల్డ్ రెండూ మ్యూరెన్ కంటే మేలు.

మ్యూరెన్‌ను చూడవద్దని అనడం లేదు. వెంగెన్ నుంచి లౌటర్‌బ్రునెన్‌కు దిగి, కేబుల్ కారులో గ్రూచాల్ప్‌కు ఎక్కి, అక్కడ రైలు పట్టుకుంటే మ్యూరెన్. ఆ నడక దారి కోసం ఒక పగలు కేటాయించండి.

బెళ్ళందూరు వాసి

ఇంత శ్రద్ధగా రాసినందుకు మీ అందరికీ కృతజ్ఞతలు. ఇప్పుడు తేదీల సంగతి. క్రిస్మస్ సెలవుల ధరలు చూసి వెనక్కి తగ్గాము. ఫిబ్రవరిలో అమ్మాయికి పరీక్షల హడావుడి మొదలవుతుంది. సంక్రాంతి సెలవులకు ముందు వెనుక కొన్ని రోజులు కలుపుకుని జనవరి రెండో వారంలో వెళితే ఎలా ఉంటుంది? ఆ సమయంలో రద్దీ తక్కువని విన్నాను. అలాగే అమ్మను రైలు వెళ్ళే ఎత్తైన కనుమ యుంగ్‌ఫ్రావ్‌యోహ్ పైదాకా తీసుకువెళ్ళవచ్చా?

కొండదారి

జనవరి మొత్తంలో రద్దీ తక్కువన్న మాట నిజమే గాని, సరిగ్గా సంక్రాంతి రోజుల్లోనే వెంగెన్‌లో లౌబర్‌హార్న్ స్కీ పోటీలు జరుగుతాయి. 1930 నుంచి సాగుతున్న పోటీలు అవి. అక్కడి డౌన్‌హిల్ మార్గం దాదాపు నాలుగున్నర కిలోమీటర్లు, ప్రపంచ కప్ పోటీలన్నిటిలో పొడవైనది. చూడడానికి గొప్పగా ఉంటుంది, కాని ఆ వారాంతంలో వేల మంది జనం, కిక్కిరిసిన రైళ్ళు, జట్ల కోసం ముందే నిండిపోయిన హోటళ్ళు ఉంటాయి. ఆరేళ్ళ పిల్లవాడు మొదటి పాఠం నేర్చుకునే వారం అది కాదు. పోటీ తేదీలు ఏటా కొద్దిగా మారుతాయి, కాబట్టి ముందు అవి చూసుకుని ఆ తర్వాతే గది తీసుకోండి.

ఆ తరువాతి వారాంతంలో సాధారణంగా మ్యూరెన్‌లో ఇన్ఫెర్నో పోటీ ఉంటుంది. షిల్ట్‌హార్న్ కొండ నుంచి లోయ దాకా సుమారు 15 కిలోమీటర్లు దిగే ఈ పరుగు 1928లో మొదలైంది. అది మ్యూరెన్‌లో బస చేసేవారికే ఇబ్బంది. మీరు వెంగెన్‌లో ఉండి, లౌబర్‌హార్న్ ముగిసిన తరువాతి శనివారం చేరుకుని, గణతంత్ర దినోత్సవం కలిసివచ్చేలా చూసుకుంటే బడికి కూడా ఎక్కువ రోజులు పోవు. పండుగ ఇంట్లోనే చేసుకుని బయలుదేరవచ్చు.

జయనగర వైద్యుడు

యుంగ్‌ఫ్రావ్‌యోహ్ గురించి వైద్యునిగా నాలుగు మాటలు చెబుతాను. ఆ రైలు స్టేషన్ 3,454 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి గాలిలో ఒక్కో శ్వాసకు అందే ఆక్సిజన్ సముద్ర మట్టంతో పోలిస్తే సుమారు మూడింట రెండు వంతులే. రక్తపోటు మాత్రలతో అదుపులో ఉండి, గుండె, ఊపిరితిత్తుల జబ్బులు లేనివారు చాలామంది ఒకటి రెండు గంటలు ఇబ్బంది లేకుండా ఉండి వస్తారు, కాని మీ అమ్మగారిని ఎప్పుడూ చూసే డాక్టరుగారి మాట తీసుకోకుండా వెళ్ళవద్దు. చేరిన మర్నాడే వెళ్ళకుండా రెండు మూడు రోజులు ఊళ్ళో గడిపాక వెళ్ళడం మంచిది. పైన మెల్లగా నడవాలి, తలనొప్పి గాని వికారం గాని మొదలైతే తరువాతి రైలులో దిగిపోవాలి. మాత్రలు, మందుల చీటీ చేతి సంచిలోనే ఉండాలి.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఎత్తు కాదు, వీధులు. కార్లు తిరగని ఊళ్ళలో వీధుల మీద మంచును చదును చేసి అలాగే ఉంచేస్తారు. పగలు ఎండకు పై పొర కరుగుతుంది, సాయంత్రం అది గాజు పలకలా గడ్డకడుతుంది. అరవై దాటిన మనిషి అక్కడ జారి పడితే తుంటి ఎముక విరగడానికి ఒక్క క్షణం చాలు. బూట్ల అడుగున తొడుక్కునే రబ్బరు పట్టీలు వస్తాయి, వాటికి చిన్న చిన్న ఇనుప ముళ్ళు ఉంటాయి. అక్కడి దుకాణాల్లో దొరుకుతాయి. మొదటి రోజే కొని ఇవ్వండి, లోపలికి వెళ్ళేటప్పుడు తీసేయడం కూడా అలవాటు చేయండి, ఎందుకంటే నున్నటి టైల్స్ మీద ఆ ముళ్ళే జారుతాయి. చేతికర్ర వాడేవారైతే దాని కొనకు కూడా ముల్లు బిగించుకోవచ్చు. బస ఎంచుకునేటప్పుడు స్టేషన్ నుంచి దారి ఎత్తుగా ఉందా, సమంగా ఉందా అని హోటల్ వారిని రాసి అడగండి.

మైసూరు రోడ్డు

ఒక సందేహం. ఇంత ఖర్చు పెట్టి, వీసా కోసం తిరిగి, మొదటి పాఠమే అక్కడ నేర్చుకోవాలా? కశ్మీర్‌లోని గుల్మార్గ్‌లో పిల్లలకు చిన్న వాలులున్నాయి, మన దేశం, మన భోజనం. ముందు అక్కడ నేర్చుకుని తరువాతి ఏడాది ఆల్ప్స్‌కు వెళ్ళవచ్చు కదా.

హిమరేఖ

గుల్మార్గ్ అద్భుతమైన చోటు, 2,650 మీటర్ల ఎత్తున ఉంది, గొండోలా రెండో దశ 3,900 మీటర్లు దాటి తీసుకువెళుతుంది. అయితే 2024 జనవరిలో అక్కడ వారాల తరబడి మంచే పడలేదు, నేల పొడిగా బయటపడిన ఫోటోలు పత్రికలన్నీ వేశాయి. బడి సెలవులకు తేదీలు కట్టేసుకుని వెళ్ళే కుటుంబానికి అది పెద్ద జూదం. ఇక్కడ చర్చిస్తున్న మూడు ఊళ్ళలో కనీసం పైన స్కీ మార్గాల మీద కృత్రిమ మంచు ఉంటుంది. పైగా బెళ్ళందూరు వాసి గారి అమ్మగారి వయసు దృష్ట్యా ఎత్తు తక్కువగా ఉన్న బస మేలు.

నాగావళి

భోజనం సంగతి ఎవరూ రాయలేదు కనుక నేను రాస్తున్నాను. మూడు ఊళ్ళలోనూ కోప్ సూపర్ మార్కెట్ ఉంది. బియ్యం, పెరుగు, కూరగాయలు, పప్పు ధాన్యాలు దొరుకుతాయి. అందువల్ల శాకాహారం కోసం గ్రిండెల్వాల్డ్‌కే వెళ్ళాలన్న వాదన నిలవదు. హోటల్ కాకుండా వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకోండి. అమ్మగారికి పూటకు ఒకసారి వేడి అన్నం, చారు దొరికితే మిగిలిన ప్రయాణం దానంతట అదే సాగుతుంది. ఆదివారాలు దుకాణం వేళలు తక్కువగా ఉంటాయి కనుక శనివారం చేరగానే సరుకులు తెచ్చుకోవాలి.

రెండు జాగ్రత్తలు. స్విట్జర్లాండ్‌లోకి ఐరోపా సమాఖ్య బయటి దేశాల నుంచి పాల పదార్థాలు తీసుకురానివ్వరు, కాబట్టి నెయ్యి సీసా ఇక్కడి నుంచి పట్టుకువెళ్ళకండి. అక్కడ ఉప్పు లేని వెన్న కొని సన్నని మంట మీద కాచుకుంటే ఇంటి నెయ్యిలాగే వస్తుంది. రెండోది కుక్కరు. అక్కడి పొయ్యిలు చాలా చోట్ల ఇండక్షన్‌వి, మన అల్యూమినియం కుక్కరు వాటి మీద వేడెక్కదు. అడుగున అయస్కాంతం అతుక్కునే స్టీలు కుక్కరు, మూడు లీటర్లది చాలు, సంచిలో పెట్టుకోండి. ఆవకాయ, కందిపొడి మాత్రం ఇక్కడి నుంచే వెళ్ళాలి, మూత చుట్టూ గట్టిగా టేపు చుట్టి.

పెన్నాతీరం

ఖర్చు వైపు నుంచి కొన్ని మాటలు. రైళ్ళకు, బస్సులకు చెల్లే స్విస్ ట్రావెల్ పాసు వెంగెన్, గ్రిండెల్వాల్డ్, మ్యూరెన్ మూడింటి దాకా చెల్లుతుంది. వెంగెన్ పైన క్లైన్ షైడెగ్‌కు గాని, యుంగ్‌ఫ్రావ్‌యోహ్‌కు గాని తగ్గింపు మాత్రమే ఇస్తుంది. తల్లిదండ్రుల పాసులతో పాటు ఉచితంగా ఇచ్చే ఫ్యామిలీ కార్డు ఉంటే పదహారేళ్ళ లోపు పిల్లలకు రైలు టికెట్ అక్కరలేదు, కాబట్టి ఆ కార్డు అడిగి తీసుకోవడం మరిచిపోకండి.

పూర్తి స్కీ ప్రాంతానికి పాసు మొదటి రోజే కొనకండి. చిన్న వాలు దాటి పైకి వెళ్ళే రోజు నుంచి కొనుక్కుంటే సరిపోతుంది. అప్పటి దాకా మ్యాజిక్ కార్పెట్ టికెట్ పాఠంతో కలిసి వస్తుందో విడిగా కొనాలో స్కీ స్కూలువారినే అడగండి. బూట్లు, స్కీలు, హెల్మెట్లు అక్కడే అద్దెకు తీసుకోవాలి. మంచు దుస్తులు, గాగుల్స్, చేతి తొడుగులు ఇక్కడ డెకాథ్లాన్‌లో కొంటే చవక. స్కీ బూటు లోపల పల్చటి పొడవాటి మేజోడు ఒక్కటే వేయాలి. చలి అని రెండు జతలు వేస్తే పాదం నొక్కుకుపోయి రక్తం ఆడక మరింత చల్లబడుతుంది. పిల్లవాడు ఏడవడానికి ఎక్కువసార్లు కారణం అదే.

బీమా గురించి తప్పక చూడండి. స్విట్జర్లాండ్‌కు కావలసిన షెంగెన్ వీసాకు కనీసం 30,000 యూరోల వైద్య బీమా కావాలి. కాని వీసాకు సరిపోయే పాలసీలన్నీ స్కీయింగ్ ప్రమాదాలకు వర్తించవు. శీతకాలపు క్రీడలు అన్న మాట పాలసీ పత్రంలో విడిగా రాసి ఉండాలి. వాలు మీది నుంచి గాయపడ్డవారిని కిందికి చేర్చడం, హెలికాప్టర్ రావడం అక్కడ ఉచితం కాదు. 1952 నుంచి పనిచేస్తున్న రెగా సంస్థ హెలికాప్టర్ల కోసం 1414 నంబరుకు ఫోన్ చేయాలి, అంబులెన్స్‌కు 144. ఆ రెండు నంబర్లూ పెద్దలందరి ఫోన్లలో ఉండాలి.

బెళ్ళందూరు వాసి

ఇంట్లో అందరం కూర్చుని ఈ చర్చ మొత్తం చదివాము. వెంగెన్ ఖాయం చేసుకున్నాము. లౌబర్‌హార్న్ తరువాతి శనివారం చేరుకుంటాము, స్టేషన్‌కు దగ్గరలో, దారి సమంగా ఉన్న చోట వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ అడిగాము. మ్యూరెన్ నడక దారి అమ్మ కోసం, గ్రిండెల్వాల్డ్ స్లెడ్జి దారి పిల్లల కోసం చెరొక రోజు పెట్టుకున్నాము. యుంగ్‌ఫ్రావ్‌యోహ్ విషయం డాక్టరుగారిని అడిగాకే. వీసా దరఖాస్తు ఎప్పుడు పెట్టాలి, విమానాశ్రయం నుంచి ఊరికి సామానుతో చేరడం ఎలా అన్నవి మిగిలిన ప్రశ్నలు. మేము ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా జ్యూరిక్ చేరుకుంటున్నాము.

కొండదారి

చాలా సంతోషం. వీసా దరఖాస్తును ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే తీసుకుంటారు. దరఖాస్తులు తీసుకునే వీఎఫ్‌ఎస్ కేంద్రం బెంగళూరులోనే ఉంది. పెద్దలకు రుసుము 90 యూరోలు, ఆరు నుంచి పన్నెండేళ్ళ లోపు పిల్లలకు 45, కేంద్రం వారి సేవా రుసుము అదనం. ఆలస్యం చేయకుండా దసరా లోపలే సమయం తీసుకోండి.

జ్యూరిక్ విమానాశ్రయం కిందనే రైల్వే స్టేషన్ ఉంది. అక్కడి నుంచి ఇంటర్లాకెన్ ఓస్ట్‌కు రెండు గంటలకు పైగా పడుతుంది. అక్కడ మారే రైలులో ఒక్క జాగ్రత్త అవసరం. ఆ రైలు ముందు భాగం ఒక ఊరికి, వెనుక భాగం ఇంకొక ఊరికి వెళుతుంది. దారిలో త్స్వైల్యూచినెన్ అనే చిన్న స్టేషన్‌లో రెండుగా విడిపోయి, ఒకటి గ్రిండెల్వాల్డ్‌కు, ఒకటి లౌటర్‌బ్రునెన్‌కు పోతుంది. మీరు ఎక్కే పెట్టె మీద లౌటర్‌బ్రునెన్ అని రాసి ఉందో లేదో చూసి, ఐదుగురూ ఒకే భాగంలో ఎక్కండి. లౌటర్‌బ్రునెన్‌లో దిగగానే పక్క ప్లాట్‌ఫారం మీదే వెంగెన్ రైలు ఉంటుంది.

పిల్లల బృంద పాఠాలు సాధారణంగా ఆదివారం గాని సోమవారం గాని మొదలవుతాయి, వారం మధ్యలో చేరితే మిగిలిన పిల్లలతో కలవడం కష్టం. అందుచేత శనివారం చీకటి పడక ముందే చేరేలా విమానం చూసుకోండి, ఆ సాయంత్రమే స్కీలు, బూట్లు అద్దెకు తీసుకుని కొలతలు సరిచూసుకోండి. బూట్లు బిగించాక పిల్లవాణ్ణి దుకాణంలోనే ఐదు నిమిషాలు నడిపించి, మోకాళ్ళు ముందుకు వంచమనండి. మడమ పైకి లేస్తుంటే ఒక సైజు తక్కువది అడగండి, వారంలో ఎప్పుడైనా మార్చి ఇస్తారు.